బావగారు అడిగిన మందు

"ఆ మందు ఇవ్వు బుల్లీ. ఇంకేమీ అడగను."

బావగారు సోఫా అంచున కూర్చుని, కాఫీ ముట్టుకోకుండానే అన్నారు. మరదల్ని ఆటపట్టించకుండా ఏనాడూ ఆమె ఇంటి గడప దాటని మనిషి, ఈరోజు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చారు. పక్కనే అక్క, ఒళ్ళో రుమాలు పెట్టుకుని దాన్నే అటూ ఇటూ తిప్పి చూస్తోంది...

ఇంట్లో బుల్లి అని పిలిపించుకునే ఆ చెల్లెలు, బయట పేరున్న బయోకెమిస్టు. జుట్టు నెరిసేదాకా ఒకే విషయం పట్టుకుని కూర్చుంది. మన ఒంట్లో ప్రతి ప్రొటీనూ పొడుగాటి దారంలా పుట్టి, తనదైన ఆకారంలోకి మడత పడాలి. ఆ మడత తప్పినవి ఒకదానికొకటి అతుక్కుని, మెదడులో ఉండలు కట్టి, జ్ఞాపకాలను మెల్లమెల్లగా తినేస్తాయి. అలా ఉండ కట్టకుండా ఆపే మందు ఒకటి ఆమె ల్యాబులో తయారైంది. కానీ అది ఇంకా ఎలుకల దాకానే వచ్చింది. ఇంతలో ఆ జబ్బు, వేరే ఇల్లే దొరకనట్టు, సొంత అక్కను వెతుక్కుంటూ వచ్చింది...

అక్కంటే ఒట్టి అక్క కాదు. అమ్మ పోయాక కాలేజీ మానేసి, బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి, చెల్లెల్ని చదివించిన తల్లి. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, కొలత చెప్పేసేది. అలాంటిది మొన్న చొక్కా చేతిని తీసుకెళ్ళి మెడ దగ్గర కుట్టి, తప్పెక్కడో తెలియక మిషను ముందు కూర్చుని ఏడ్చింది.

"ఇవ్వలేను బావగారూ," అంది బుల్లి. "కొన్ని ఎలుకలు బాగుపడ్డాయి. కొన్ని చచ్చిపోయాయి. ఎందుకో ఇంకా మాకే తెలీదు."

"తెలీకపోతేనేం? ఎలాగూ పోతోందిగా నా మనిషి... రోజుకింత."

"నా చేత్తో ఇచ్చి, అక్కకేమైనా అయితే?"

బావగారు లేచి నిలబడ్డారు. "నీ కోసం చదువు మానేసినప్పుడు, తనకేమవుతుందని మీ అక్క లెక్కలేసుకుందా బుల్లీ?"

ఆయన అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ తరువాత ఆయన మాట్లాడడం మానేశారు. బుల్లి మాత్రం వెళ్ళడం మానలేదు. ప్రతి ఆదివారం తలుపు తట్టేది. ఆయన తీసి, వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఆమె అక్కకు నీళ్ళు పోసి, గోళ్ళు తీసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల దువ్వేది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో, ఎవరూ చూడకుండా, కళ్ళు తుడుచుకునేది.

కొన్నాళ్ళకు అక్క ఆమెను గుర్తుపట్టడం కూడా మానేసింది. "సిస్టర్" అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరో నర్సు అనుకుంది.

"మీలాగే మా చెల్లెలి చెయ్యి కూడా చల్లగా ఉంటుంది సిస్టర్," అంది ఒక మధ్యాహ్నం, తల దువ్వించుకుంటూ. "పెద్ద చదువు చదివింది. ఈ జబ్బు మీదే పనిచేస్తోంది."

బుల్లి చేతులు ఆగిపోయాయి. "అయితే మరి మీకు మందివ్వలేదే... కోపం రాలేదా?"

"దానిమీద కోపమా?" అక్క నవ్వింది. "అదంతే. బళ్ళో లెక్క రాకపోతే ఖాళీగా వదిలేసి వచ్చేది. ఏదో ఒకటి రాయొచ్చు కదే, సగం మార్కులైనా వస్తాయి అంటే, తెలీంది తెలిసినట్టు ఎలా రాస్తానే అనేది. కొట్టాను కూడా ఒకసారి. అయినా రాయలేదు." కిటికీలోంచి వీధిలోకి చూసింది. "దాన్ని చదివించినందుకు నాకేం బాధ లేదు సిస్టర్. ఎప్పుడైనా కనిపిస్తే చెప్పండి."

"చెప్తాను," అంది బుల్లి, ఆగిన దువ్వెనను మళ్ళీ కదిలిస్తూ.

తల తిప్పి చూస్తే గుమ్మంలో బావగారు. చేతుల్లో కాఫీ కప్పులు. ఎంతసేపటినుంచి వింటున్నారో... కప్పులు బల్లమీద పెట్టి, చాలా రోజుల తరువాత మరదలి ముఖంలోకి చూశారు.

"రేపు ల్యాబుకి వెళ్తావా?"

"వెళ్తాను బావగారూ."

"వెళ్ళు. పని మానుకోకు." ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "ఆ దువ్వెన ఇలా ఇచ్చి, ఎలా దువ్వాలో కాస్త చూపించి వెళ్ళు. వారమంతా చిక్కులు పడిపోతోంది. నేను దువ్వితే నొప్పంటుంది."

బుల్లి అక్క జుట్టును పాయలుగా విడదీసి, కొసలనుంచి పైకి రావాలని చూపించింది. ఆయన పెద్ద చేతుల్లో దువ్వెన రెండుసార్లు జారింది. అక్క "అబ్బా, నెమ్మదిగా" అని విసుక్కుని, బుల్లి వైపు వంగి, రహస్యం చెప్తున్నట్టు అంది:

"ఈయనెవరో గానీ సిస్టర్, మంచివాడిలా ఉన్నాడు. నేర్చుకుంటాడులెండి."