పరాంకుశం గారి ప్రభావమాపకం

2081లో సాగరపురి విశ్వవిద్యాలయంలో హాజరు పలికేది నోరు కాదు, నుదురు. పొద్దున్నే గేటు దగ్గర వరసలో నిలబడి గాజుబిళ్లకు నుదురు ఆనించాలి. యంత్రం రెండే ప్రశ్నలు వేస్తుంది. నెట్‌లోని శృంగార వీడియోల ప్రభావం నీ మీద ఉందా? తోటివాళ్ల మీద ఉందా? అందరిదీ ఒకటే జవాబు: నా మీద లేదు, వాళ్ల మీద బోలెడుంది. ఆ జవాబు చెబుతున్నప్పుడు మెదడులో పుట్టే తరంగాలను సెన్సర్లు చదివి పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తాయి. చెడిపోయిన మెదడును తన ప్రభావమాపకం ఇట్టే పట్టేస్తుందని, దాన్ని కనిపెట్టిన డాక్టర్ పరాంకుశం ఎక్కడికెళ్లినా చెప్పేవారు. మూడుసార్లు ఎర్రదీపం వెలిగితే పట్టా ఇవ్వరు.

వైద్యం చివరి ఏడాది చదువుతున్న హిమజకు ఇరవైమూడేళ్లు. ఆమెకు అప్పటికే రెండుసార్లు వెలిగింది. ఈసారి పరీక్ష గేటు దగ్గర కాదు, సభామందిరంలో అందరిముందూ చేయమని పట్టుబట్టింది. పరాంకుశం గారు సంతోషంగా ఒప్పుకున్నారు. మిగతావాళ్లకు బుద్ధి రావాలంటే ఒకరు దొరకాలి కదా!

హిమజ నుదురు ఆనించింది. యంత్రం ప్రశ్నలు వేసింది.

“నా మీద ఉంది,” అంది హిమజ. “ప్రేమ ఎలా ఉంటుందో ఇంట్లో చెప్పలేదు, మీరూ చెప్పలేదు. అవే చెప్పాయి. అవి చూసి నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుని రెండేళ్లు కుమిలిపోయాను. తోటివాళ్ల సంగతి నాకు తెలీదు సార్. వాళ్లనే అడగండి.”

పచ్చదీపం వెలిగింది.

యంత్రం పాడైందన్నారు పరాంకుశం గారు. సరిచూడటానికి తన నుదురే ఆనించి, తన మీద అలాంటి ప్రభావమేమీ లేదన్నారు. ఎర్రదీపం వెలిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పరిశోధన కోసమే చూశానని ఎవరూ అడక్కుండానే సంజాయిషీ మొదలుపెట్టారు.

“ఎవరేం చూశారో కొలవడం నాకు రాదు,” అంది యంత్రం. “దాచడానికి మెదడు పడే అవస్థను కొలుస్తాను. మీరు నేర్పింది అదే.”

వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. నుదురు ఆనించి, నా మీదా ఉందన్నారు. కొందరు సిగ్గుపడుతూనే అన్నారు. దీపం మళ్లీ ఎర్రబడలేదు.

వారం తిరక్కుండానే యువతను చెడగొడుతోందంటూ ఆ యంత్రాన్ని గోదాములో పడేశారు. యంత్రమే పోయాక పాత ఎర్రదీపాలూ చెల్లలేదు. స్నాతకోత్సవంలో హిమజకు పట్టా అందిస్తూ పరాంకుశం గారు పెద్దరికంగా నవ్వారు. ఇప్పుడా ప్రభావమేమీ లేదు కదమ్మా అని అడిగారు. ఆయన ముందు మైకు ఆన్‌లోనే ఉంది.

హిమజ పట్టా అందుకుంది.

“ఉంది సార్,” అంది. “మరి మీకు?”