పాస్టరుగారు క్యూ తప్పారు

"ఈ పనికి ఇద్దరు వెళ్తున్నారు," అంది మిసెస్ ఆకెండెన్.

ఆ మాటకే ఏజెంట్ డెస్మండ్ ట్రాంటర్ కడుపు సగం మండింది. తలుపు తీసుకుని రెండోవాడు లోపలికి రాగానే మిగతా సగం కూడా అంటుకుంది.

"హలో బాసూ!" అన్నాడు జైల్స్ హావెరిల్. గూఢచారి అంటే పదిమందిలో కలిసిపోవాలి. వీడు కలిసిపోడు, కలుపుగోలుగా మొలుస్తాడు, కలుపు మొక్కలాగా.

లండన్‌లో పేరు లేని ఆ ఆఫీసుకి మిసెస్ ఆకెండెన్ పెద్ద. టీ కప్పు దించకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"సఫోక్‌లోని మన ల్యాబ్ నుంచి ఒక చిప్ మాయమైంది. వేలిగోరంత ఉంటుంది. మన యుద్ధనౌకల రాడార్లన్నింటినీ గుడ్డివి చేయగలదు. అనుమానం విల్ఫ్ గారడ్ అనే చీజ్ వ్యాపారి మీద. ల్యాబ్ క్యాంటీన్‌కి సరుకు ఇచ్చేది అతనే. రేపు పగటి ఫెర్రీలో హారిచ్ నుంచి హాలండ్ వెళ్తున్నాడు."

"ఇక్కడే జేబులు తడిమేస్తే పోలేదా మేడమ్?" అన్నాడు డెస్మండ్.

"లీజెలాట్ వద్దంటోంది. సరుకు రోటర్‌డామ్‌లో చేతులు మారుతుందట. వెంటపడి వెళ్తే ముఠా మొత్తం దొరుకుతుందట."

లీజెలాట్! డచ్ నిఘా విభాగం మనిషి. మన ఆఫీసుకి, వాళ్ల ఆఫీసుకి మధ్య వంతెన. ఒకప్పుడు డెస్మండ్ గుండెకీ ఆమె గుమ్మానికీ మధ్య కూడా అలాంటి వంతెనే ఉండేది. దేశం యూరప్ యూనియన్‌లోంచి బయటికొచ్చిన రోజు ఊరంతా విముక్తి అన్నారు. డెస్మండ్‌కి మాత్రం విరక్తి మిగిలింది. అంతకుముందైతే ఏ శుక్రవారం సాయంత్రమైనా బయల్దేరి లీజెలాట్ ఉండే హేగ్‌లో ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండేవాడు. ఆ తరవాత ప్రతి రాకపోకకీ ముద్ర, ఆరు నెలల్లో మూడు నెలలకి మించకూడదని లెక్క. ప్రేమకి అటెండెన్స్ చాలలేదు. ఇప్పుడు లీజెలాట్ జైల్స్‌తో తిరుగుతోంది.

జైల్స్‌కి అటెండెన్స్ బెడద లేదు. వాడి అమ్మమ్మ ఐర్లండ్‌లో పుట్టింది. ఆవిడ చేసిన ఘనకార్యం అదొక్కటే. ఆ పుణ్యాన వాడికి ఐరిష్ పాస్‌పోర్టు, యూరప్ అంతా వాడి పెరడు. డెస్మండ్ కూడా డబ్బిచ్చి వంశవృక్షం తవ్వించాడు. అందరూ ఎసెక్స్ మట్టిలో పుట్టి, ఎసెక్స్ మట్టిలోనే పడుకున్నారు. సముద్రం దాటి పిల్లని చేసుకుందామన్న చొరవ ఒక్క వెధవకీ లేకపోయింది.

"హేగ్‌లో మన గూఢచారి స్టేషన్ పోస్టు ఖాళీగా ఉంది," అంది మిసెస్ ఆకెండెన్. "చిప్ తెచ్చినవాడిది."

"తేనివాడికి?"

"పాత ఫైళ్ల గది. హీటరు బాగానే పనిచేస్తుంది."

ఫెర్రీలో డెస్మండ్ పాస్టరు వేషంలో ఉన్నాడు. మెడకి తెల్ల కాలరు, చెవిలో కనపడని రేడియో, ముక్కు మీద దూరాన్ని దగ్గర చేసే కళ్లజోడు. జైల్స్‌ది గోల్ఫ్ ఆడేవాడి వేషం. రెండు కుర్చీల అవతల విల్ఫ్ గారడ్, ఎర్రటి ముఖం, అరిగిన కోటు. ఒళ్లో ప్లాస్టిక్ కాగితం చుట్టిన శాండ్‌విచ్.

"తినకుండా మోస్తున్నారే?" అని డెస్మండ్ మాట కలిపాడు.

"ఆకలి లేదండీ పాస్టరుగారూ." విల్ఫ్ కిటికీలోంచి నీళ్లు చూశాడు. "ఇరవై ఏళ్లు ఈ ఫెర్రీలోనే నా చీజ్ వెళ్లింది. పొద్దున వ్యాను ఎక్కిస్తే సాయంత్రానికి రోటర్‌డామ్ కొట్లో ఉండేది. ఇప్పుడో? ప్రతి పెట్టెకీ పశువుల డాక్టరొచ్చి సంతకం పెట్టాలి. ఓసారి ముద్ర వంకరగా పడిందని వ్యాను ఆ ఒడ్డునే ఆపేశారు. చీజ్‌కి కాళ్లొచ్చి దానంతటదే ఇంటికొచ్చేలా తయారైంది."

"విడిపోదామని ఓటేసినవాళ్లని అడగాలి."

"నేనూ వేశాను నాయనా." ఆయన శాండ్‌విచ్ ఒళ్లో సర్దుకున్నాడు. "మా రేవులో అందరం వేశాం. బాగుపడతాం అన్నారు. సంతకం, స్టాంపు అని ఎవడూ చెప్పలేదు. ఇప్పుడా కొట్లో నా అరలో ఎవరి చీజ్ ఉందో తెలుసా? డెన్మార్క్ వాడిది! సబ్బుముక్కలా ఉంటుంది. అద్దంలోంచి చూసొచ్చాను. ఆ డేన్ గాడి మీద నాకెంత ఒళ్లుమంటో చెబితే, మీరు నాకు బాప్తిస్మం రద్దు చేస్తారు."

"చెయ్యను లెండి," అన్నాడు డెస్మండ్, అవతల ఫోనులో ముసిముసిగా నవ్వుతున్న జైల్స్‌ని చూస్తూ. "ఆ మంట నాకూ తెలుసు."

హుక్ ఆఫ్ హాలండ్ రేవులో రెండు దారులు. యూరప్ వాళ్ల దారి ఖాళీగా, నున్నగా, పెళ్లిపందిట్లో వరుడి దారిలా ఉంది. రెండోది ఇతరులది. డెస్మండ్ కాళ్లు పాత అలవాటుకొద్దీ మొదటి దారిలోకే వెళ్లాయి. కాపలావాడు మాట్లాడకుండా వేలు చూపించాడు. పక్కనుంచి జైల్స్ ఎర్ర పాస్‌పోర్టు విసనకర్రలా ఊపుకుంటూ దూసుకుపోయాడు. డెస్మండ్ చేతిలోనూ పాస్‌పోర్టు ఉంది. పాసవడమే లేదు, పోర్టు దాటడమూ లేదు.

క్యూ నత్తకి మేనత్తలా కదులుతోంది. చాలా ముందున్న విల్ఫ్ ముద్ర వేయించుకుని, అవతలి కస్టమ్స్ బల్ల దగ్గరికి చేరాడు. తాటిచెట్టంత అధికారి సంచి తెరిపించాడు.

"ఇదేమిటి?"

"అయ్యో! శాండ్‌విచ్ అండీ. హ్యామూ, చీజూ. మర్చేపోయా!"

"మాంసం, పాలసరుకు లోపలికి రాకూడదు." అధికారి దాన్ని తీసి నీలం బుట్టలో పడేశాడు. క్యూ అంతా నవ్వింది.

"చూశావా బాసూ?" రేడియోలో జైల్స్ గొంతు. "ముసలాడి భోజనం గోవింద! నేను బయట కారులో ఉన్నా. కారు తెచ్చిన లీజెలాట్ ఏదో మర్చిపోయానని లోపలికెళ్లింది. నువ్వు నింపాదిగా రా, నిన్నెవరూ తొందరపెట్టరు."

డెస్మండ్ పళ్లు నూరాడు. నూరుతూ నూరుతూ ఆగిపోయాడు. విల్ఫ్ మర్చిపోయాడా? పెళ్లిరోజు మర్చిపోతాడు, కళ్లజోడు మర్చిపోతాడు. తన కొంప కూల్చిన రూలుని ఎవడైనా మర్చిపోతాడా? పైగా ప్రయాణమంతా ఆ శాండ్‌విచ్ ముట్టుకోలేదు. అది మరుపు కాదు, మరుగు! చిప్ మారేది రోటర్‌డామ్‌లో కాదు, ఆ బుట్టలో!

"జైల్స్! లోపలికి రా! చెత్తబుట్ట పట్టుకో!"

"ఒళ్లుమంటతో మాట్లాడుతున్నావు గురూ."

కళ్లజోడు సర్దుకుని చూశాడు. బుట్ట పక్కన పచ్చకోటు, మెడలో స్టాఫ్ కార్డు. లీజెలాట్! అధికారి ఇంకొకరి పెట్టె మీదికి వంగాడు. గ్లవ్స్ వేసిన చెయ్యి బుట్టలోకి వెళ్లింది. శాండ్‌విచ్ హ్యాండ్‌బ్యాగులోకి జారింది. రోటర్‌డామ్ అని తప్పుదారి పట్టించిన వంతెన ఇదే! ఇంకో పది అడుగులు నడిచిందా, గుమ్మం దాటుతుంది. ఆ పైన కారు, ఆ పైన కనపడదు.

ముందు ఇంకా ముప్పైమంది ఉన్నారు. ఒకటే దారి. డెస్మండ్‌కి తుపాకీ గుండుకి ఎదురెళ్లడం ఇంతకంటే సులువు. తాత చెయ్యలేదు, తండ్రి చెయ్యలేదు. కళ్లు మూసుకుని క్యూ దాటాడు.

"సారీ! సారీ! సారీ!"

"ఏవయ్యా!" ఊదారంగు టోపీ పెట్టుకున్న పెద్దావిడ కోటు పట్టి లాగింది. "మేమంతా ఇక్కడ మొలకెత్తడానికి నిలబడ్డామా?"

"పాస్టరుగారే ఇలా చేస్తే ఇంక దొంగలెందుకు?" అన్నాడు వెనకాయన.

"స్వర్గంలో కూడా ఇలాగే దూరతావా?"

కోటు వాళ్ల చేతుల్లో వదిలేసి, పాస్‌పోర్టు గూడు దగ్గర గీత మీద నిలబడి డెస్మండ్ అరిచాడు. తుపాకీ తియ్యలేదు. తన జాతికి చేతనైన ఆయుధమే తీశాడు. ఫిర్యాదు చేశాడు.

"ఆఫీసర్! ఆ పచ్చకోటావిడ మీ బుట్టలోంచి శాండ్‌విచ్ తీసింది!"

తాటిచెట్టు తిరిగింది. రెండే అంగల్లో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మేడమ్, జప్తు చేసిన తిండి బయటికి పోకూడదు."

"నేను నిఘా విభాగం," లీజెలాట్ కార్డు చూపించింది.

"అయితే రూలు మీకు మరీ బాగా తెలిసుండాలి. బ్యాగు."

ఆమె చెయ్యి లిప్‌స్టిక్ మీదికి వెళ్లింది. దాని కొనలో సన్నటి గొట్టం మెరిసింది.

"అది తిండి కాదు. అయినా ఇవ్వండి," అని అధికారి మణికట్టు పట్టుకున్నాడు. గుండు పేలి సీలింగు లైటు పగిలింది. శాండ్‌విచ్ కింద పడి విచ్చుకుంది. హ్యామ్‌కీ చీజ్‌కీ మధ్య వేలిగోరంత మెరుపు.

విల్ఫ్ పారిపోలేదు. పెట్టె మీద కూలబడ్డాడు.

"నా అర నాకు ఇప్పిస్తామన్నారు నాయనా, ఆ పాత కొట్లో," అన్నాడు డెస్మండ్ వైపు చూసి. "అందులో ఏముందో నేను అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం."

పోలీసులు ఆయన్ని నెమ్మదిగానే లేపారు. డెస్మండ్ చూపు తిప్పుకున్నాడు. ఆ డేన్ గాడి మీద తనకీ కాస్త మంట పుట్టింది.

ఫోను మోగింది. "హేగ్ నీదే," అంది మిసెస్ ఆకెండెన్. "జైల్స్ కారులో కూర్చుని ఇంకా లీజెలాట్ కోసం ఎదురుచూస్తున్నాడట. ఎవరైనా చెప్పండి."

డెస్మండ్ ఛాతీ ఉప్పొంగింది. గూటిలో ఉన్న అమ్మాయికి దర్జాగా పాస్‌పోర్టు చాపాడు.

"మీరు క్యూ తప్పి వచ్చారు," అందా అమ్మాయి. "చివరికి వెళ్లండి."

వెళ్లాడు. ఊదారంగు టోపీ ఆవిడ కోటు అతని ముఖాన కొట్టి, వెనక్కి చెయ్యి చూపించింది. చిట్టచివర నిలబడి తల ఎత్తేసరికి, చేతులకి బేడీలతో, అటూ ఇటూ పోలీసులతో లీజెలాట్ బయటికి నడుస్తోంది. జైలుకే అనుకోండి. అయినా ఎంత చకచకా వెళ్లిపోయిందో చూసి డెస్మండ్ కడుపు మళ్లీ భగ్గుమంది.