కాలు దానిది

పొద్దున్నే మంజుల జొన్నరొట్టెలు కొడుతుంటే, కూతురు భవాని గోడ పట్టుకుని కుంటుతూ వచ్చింది. కబడ్డీ పోటీలో మోకాలి లిగమెంట్ తెగి, పట్నంలో ఆపరేషన్ అయి నెల దాటింది. కాలు ఇంకా కర్రలా బిగుసుకునే ఉంది.

"అమ్మా, ఇయ్యాల గూడ ఫిజియోథెరపీకి పోవుడు లేదా?"

మంజుల నోరు తెరిచేలోపే భర్త మహేశ్వర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "లేదు. పరాయి మగోడు పిల్ల కాలు పట్టి వంచుడు నాకు నచ్చలే. ఇంట్లనే ఉంటే అదే నయమైతది. కబడ్డీ ముచ్చట ఇగ బంద్."

కొంగరకలాన్ వైపు వెంచర్లలో ప్లాట్లు చూపించడం అతని పని. బయట పదిమందితో నవ్వుతూ మాట్లాడతాడు గానీ, ఇంట్లో వద్దన్నాడంటే వద్దే. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఫిజియోథెరపీ చేసే యోహాను దగ్గరికి భవానిని మొదట తీసుకుపోయింది అతనే. మధ్యలోనే లేపి ఇంటికి తీసుకొచ్చేసిందీ అతనే.

పెండ్లయినప్పటి నుంచి మంజుల అతని మాట దాటలేదు. ఆ రోజు దాటింది. బండి చప్పుడు దూరం కాగానే పొయ్యి ఆర్పి, భవానిని ఆటో ఎక్కించింది.

యోహాను మోకాలు తడిమి చూసి నిజం దాచలేదు. "అక్కా, గిప్పుడు వంచకుంటే ఇట్లనే బిగుసుకపోతది. ఆట పక్కకు పెట్టు, కింద కూసునుడు గూడ కష్టమే."

"రోజూ తీసుకరాలేను తమ్మీ. నాకు నేర్పు."

మోకాలి చిప్పను ఎలా కదపాలో, మడమను ఎంత మెల్లగా వెనక్కి జరపాలో అతను ఆమె చేతులు పట్టి చూపించాడు. "గుంజినట్టుంటే ఫికర్ లేదు. సూది గుచ్చినట్టు నొస్తే ఆపాలె."

ఇంట్లో రోజూ తలుపు వేసుకుని తల్లీకూతుళ్లు అదే పని. ఒక మధ్యాహ్నం మహేశ్వర్ అనుకోకుండా ఇంటికి వచ్చాడు. భవాని మూలుగు విని తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"ఎవర్నడిగి చేస్తున్నవ్?"

"ఎవర్నీ అడగలే. కాలు దానిది, కన్నది నేను."

"ఇడిచిపెట్టు. పిల్ల ఏడుస్తున్నది."

"ఏడుస్తున్న గానీ వద్దంటలేను బాపు," అంది భవాని. "వద్దంటున్నది నువ్వే."

మహేశ్వర్ గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఆటల పడ్డనాడు అరిచినవ్ చూడు, గా అరుపు నా చెవులల్లకెళ్లి పోతలేదు. యోహాను తాన మళ్ల గట్లనే అరిచినవ్. తట్టుకోలేకపోయిన. పరాయి మగోడనుడు వట్టి బహానా."

ఇన్నాళ్లూ పంతమనుకున్నది భయమని మంజులకు అప్పుడు తెలిసింది. గుండె కరిగింది గానీ మాట మెత్తబడలేదు.

"భయం నీది. నష్టం దానికెందుకు? చూడలేకుంటే బయట కూసో. లేకుంటే వచ్చి తొడ పట్టుకో, కదలకుండ."

అతను లేచి వచ్చాడు. రెండు చేతులతో కూతురి తొడ పట్టుకున్నాడు. మంజుల మడమను మెల్లగా జరిపింది. భవాని పళ్లు బిగించింది. రోజూ ఆగిపోయే చోటు దాటి మోకాలు ఇంకొంచెం వంగింది. మహేశ్వర్ కన్నీళ్లు జారి కూతురి కాలి మీద పడ్డాయి.

"మళ్ల ఆడుతవా బిడ్డా?"

"ఆడుత బాపు. నిన్ను అడుగుతలేను, చెప్తున్న."

చేతులు వదలకుండానే భుజానికి కళ్లు తుడుచుకున్నాడు.

"రేపు యోహాను తానకు నేనే తోల్కపోత. అరిస్తే అరిచినవ్. ఈసారి నడుమల లేపి తోల్కరాను."