బ్యాడ్జి తీసి చేసిన పని

పొద్దున్నే పెట్టిన టిఫిన్ రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఆయన కంచం పక్కకి నెట్టి బాత్రూమ్‌లోకి పరుగెత్తాడు. నిన్న సాయంత్రం నుంచి ఇది నాలుగోసారి. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఫ్యాక్టరీలో పైపుల అతుకులు గట్టిగా ఉన్నాయో లేదో రేడియేషన్‌తో ఫోటో తీసి చూడటం ఆయన పని. ఆ పని గురించి ఇంట్లో నోరు మెదపడు. ఇరవై రెండేళ్లుగా ఆవిడకి కబుర్లకి కుక్కరే దిక్కు. అదైనా నయం, ఈలేస్తుంది.

"నా వంట అంత విషమైపోయిందా?" ఆయన బయటికి రాగానే అడిగేసింది.

"వంటకేం? కడుపులో తిప్పుతోంది."

"అయితే డాక్టర్ దగ్గరికి పదండి."

"వద్దు."

"ఎందుకొద్దు? నేనీ ఇంట్లో మనిషినా, గోడనా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్న మూడింటికి రేడియేషన్ వెలువడే సోర్సు ముక్క గొట్టంలో ఇరుక్కుంది. దగ్గరికెళ్లి నేనే సరిచేశాను. ఒంటికెంత తగిలిందో చూపే బ్యాడ్జి లాకర్లో ఉంది."

"లాకర్లో ఎందుకుంది?"

"హద్దు దాటితే నెలల తరబడి పనిలోంచి పక్కన పెడతారు. అందుకే కష్టమైన పనికి ముందు మా అయిదుగురం బ్యాడ్జి తీసేస్తాం."

ఆవిడ గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"రేపో మాపో వాంతులు ఆగుతాయి. తగ్గిందని నువ్వు సంబరపడతావు. నా భయమే అది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా వస్తుంటుంది. రేడియేషన్ బాగా తగిలితే అది రావడం ఆగిపోతుంది. ఆ తర్వాత తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తం..."

"ఇంత తెలిసీ ఇంట్లో కూర్చున్నారా?"

"నిజం చెప్తే మిగతా నలుగురి ఉద్యోగాలూ పోతాయి."

"మీకేమన్నా అయితే ఆ నలుగురూ వచ్చి నాతో ఉంటారా? నేనొక్కదాన్నే ఉండాలి ఇక్కడ!"

ఆవిడే పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. రేడియేషన్ తగిలాక ఎంతసేపటికి మొదటి వాంతి అయిందని డాక్టర్ అడిగాడు. దాన్నిబట్టే ఎంత తగిలిందో అంచనా వేస్తారట.

"గుర్తులేదు," అన్నాడాయన నీరసంగా.

"అయిదున్నరకి," ఆవిడ ఫోన్‌లో చెప్పింది. "ఏడుంబావుకి రెండోది. పదకొండుకి ఇంకోటి."

వెంటనే తీసుకురమ్మన్నారు. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"అన్నీ ఎలా తెలుసు నీకు?"

"ప్రతిసారీ తలుపవతల నిలబడే ఉన్నానండీ. పిలుస్తారేమోనని."

ఆయన ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. కాసేపటికి ఆవిడ చెయ్యి వెతుక్కున్నాడు.

"నాతో డాక్టర్ గది లోపలిదాకా రా. నేను నోరు మూసుకుంటే నువ్వు చెప్పు."