వంద ఎంబీల గది

శ్రావణ మాసపు వాన మధ్యాహ్నం మూడింటికే అమలాపురాన్ని మసక చేసేసింది. భవానీదేవి గారి కంప్యూటర్ సెంటర్లో వైదేహి ఒక్కతే ఉంది. రోజూ ఐనవిల్లి నుంచి బస్సులో వస్తుంది. పాత పుస్తకాలు ముందేసుకుని, సర్వర్ని నడిపే లినక్స్ తనంతట తనే నేర్చుకున్న పిల్ల. ఈ సాయంత్రంలోగా సర్వర్లో కొత్త సిస్టమ్ ఎక్కిస్తే సోమవారం నుంచి సెంటర్లో సగం వాటా ఆమెదే. భవానక్క మాటిచ్చింది. బోర్డు మీద పేరు రాయడానికి పెయింటర్‌కి కూడా చెప్పేసిందట.

పని సగంలో ఆగిపోయింది. చోటు లేదంది మిషన్.

డిస్కు మొదట్లో బూట్ కోసమని వంద ఎంబీల చిన్న గది విడిగా కట్టి ఉంది. మిషన్ని నిద్రలేపే కెర్నల్ ఫైళ్ళన్నీ అందులోనే సర్దుకోవాలి. ఎవరు కట్టేరో గాని మహా పిసినారిగా కట్టేరు. కొత్త కెర్నల్ రావాలంటే పాతవి పోవాలి. వైదేహి అవసరానికి ఒకటి ఉంచి, మిగతా రెండూ తీసేసింది.

చోటు మాత్రం రవ్వంత కూడా పెరగలేదు.

అలా జరిగిందంటే, తీసేసిన ఫైలుని ఎవరో ఇంకా తెరిచి పట్టుకున్నారన్నమాట. వాళ్ళు వదిలితేగాని చోటు ఖాళీ అవదు. ఎవరా అని తెర మీద పేర్లు చూసింది.

సూర్య. ఏడో నంబరు సీటు.

హాల్లో ఉన్నవి ఆరు సీట్లే, తను కూచున్నది ఒకటోది. ఏడోది ఒకప్పుడు వెనక గదిలో ఉండేదట. తను చేరిన దగ్గర్నుంచీ ఆ గదికి తాళమే.

సెల్ తీసి అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, వెనక గదిలో మిషనేదైనా ఆన్‌లో ఉందాండీ?"

"అక్కడ మిషనెక్కడిదే? విరిగిన కుర్చీలు తప్ప."

"సూర్య అని ఎవరో లాగినై ఉన్నారండీ."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"నీకు ముందు పనిచేసిన పిల్ల... సూర్యకుమారి. హైదరాబాద్ పోయిందని చెప్పేను కదా. దాని పేరేదో మిగిలిపోయుంటుంది. నువ్వు మాత్రం సగంలో లేవకు తల్లీ. మధ్యలో ఆపితే మిషన్ ఇక లేవదు."

"ఆయ్," అంది వైదేహి.

ఫోన్ పెట్టేసరికి తెర మీద ఒక వరస. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

'నీకూ సగం వాటా ఇస్తానందా?'

తనూ అలాగే కొట్టింది. 'ఎవరండీ? హైదరాబాద్ నుంచా?'

'హైదరాబాద్ కాదు.'

తాళం వేసిన తలుపు వెనక కీబోర్డు చప్పుడు... టక్. టక్. తలుపు కింద నుంచి సన్నగా నీళ్ళు పాకుతున్నాయి. తడిసిన గోడ వాసన... దాంట్లో కాలిన వైరు వాసన.

మళ్ళీ ఫోన్. ఈసారి గుసగుసగా.

"అక్కా... సూర్యకి ఏమైంది?"



"ఇలాంటి వానే. గదిలోకి నీళ్ళొచ్చేయని ఫోన్ చేసింది. వైర్లు నేల మీదున్నాయంది. పనయ్యేదాకా లేవొద్దన్నాను... అంతేనే. కరెంటు కొట్టి పోద్దని నేననుకున్నానా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చేరేదానివా?"

ఆర్నెల్లు ఒకే క్యారియర్లో అన్నం తిన్నారిద్దరూ. ఆవకాయ ముద్ద కలిపి ముందు తనకే పెట్టేది అక్క. ఆ అక్కే... సూర్యకి చెప్పిన మాటే... మళ్ళీ తనకి.

"వాటా మీరే ఉంచుకోండి," అంది వైదేహి. ఫోన్ పెట్టేసి చివరిసారి కీబోర్డు మీదకి వంగింది.

'నేను లేస్తున్నాను సూర్యా. సగంలోనే.'

వెనక చప్పుడు ఆగింది. తెర మీద అంకె మారింది... నలభై ఎంబీల చోటు ఖాళీ. పట్టుకున్నవాళ్ళు వదిలేసేరు.

ఎవరెవరున్నారో ఇంకోసారి చూసింది.

సూర్య పేరు లేదు. ఒక్క పేరే ఉంది. వైదేహి.

దాని ఎదురుగా, ఏడో నంబరు సీటు.