మువ్వలు విప్పిన బండి

ఆ ఉదయం ఆకాశం పెనుకొండ కొండమీదికి దిగివచ్చి అక్కడే కూర్చుండిపోయింది. కోట గోడ కనపడలేదు, కొండ కొమ్ము కనపడలేదు. బూడిదరంగు మబ్బు పొరలు పొరలుగా జారి పల్లె మిద్దెలమీద, వేరుశనగ చేలమీద వాలుతోంది. వాన అనడానికి లేదు, మంచు అనడానికి లేదు. మూడు రోజులుగా అదే తుంపర...

కమలాక్షి వాకిట్లో నిలబడి చెయ్యి చాపింది. చూస్తుండగానే అరచెయ్యి తడిసింది.

పడమటింట్లో నలభై తట్టల పట్టుపురుగులు ఆకలితో తలలెత్తి ఉన్నాయి! ఇంకో నాలుగు రోజులు కడుపునిండా తింటే గూళ్లు కడతాయి. ఈ నాలుగు రోజులే వాటి అసలు తిండి. కానీ తడి ఆకు వేస్తే రోగం తగిలి తట్టలకు తట్టలు నల్లబడిపోతాయి. పెరట్లో ఉన్న మల్బరీ ఆకంతా నీళ్లు కారుతోంది. పట్టుపురుగులు ఆకు తింటుంటే దూరాన చేలమీద వాన పడుతున్నట్టు ఒక చప్పుడు పుడుతుంది. మూడేళ్లుగా కమలాక్షి ఆ చప్పుడు వింటూనే నిద్రపోయింది, ఆ చప్పుడు వింటూనే లేచింది. ఇప్పుడు వాన బయట ఉంది. లోపల నిశ్శబ్దం...

పొడి ఆకు ఒక్కచోటే ఉంది. పక్కవూరి రామాంజినేయులు కొట్టంలో. మబ్బు పట్టకముందే ఆకు కోసి, నీడన పలచగా పరిచి ఉంచుతాడని ఆమెకు తెలుసు. తెల్లవారగానే అతని గూడుబండి ఊరి పక్కన పారే వంక అవతల వచ్చి నిలబడుతుందనీ తెలుసు. కానీ ఇవ్వాళ వంక నడుములోతు పారుతోంది. రోజూలాగా ఆకు మోపు నెత్తిన పెట్టుకుని దాటి రావడం కుదరదు. ఎద్దులు దాటగలవు. బండి దాటగలదు. అంటే ఆ బండి ఇంటి ముందుకు రావాలి.

మూడేళ్లుగా ఆ బండి ఈ వాకిట్లోకి రాలేదు. తల్లి రుక్మిణమ్మ దాని చప్పుడు భరించలేకపోయింది.

పందొమ్మిది వందల యాభై అయిదులో, పొలం గట్టు తగాదాలో దాయాదులిద్దరు కమలాక్షి అన్న చెన్నకేశవుల్ని కొడవళ్లతో నరికారు. తర్వాత వాళ్లే పెనుకొండ స్టేషనుకు నడిచిపోయి లొంగిపోయారు. కోర్టులో యావజ్జీవం పడింది. తీర్పు వచ్చింది కానీ తీర్పు వెంట ఇంటికి ఏమీ రాలేదు... తండ్రి ఎన్నడో పోయిన ఆ ఇంటికి చెన్నకేశవులే దూలం. ఇరవై ఆరేళ్లవాడు. హిందూపురం పోయి పట్టుపురుగుల పెంపకం నేర్చుకుని వచ్చినవాడు. మన ఇంటి పట్టు ధర్మవరం మగ్గం ఎక్కుతుంది, ఆ చీరే కట్టి నీ పెండ్లి చేస్తానని చెల్లెలిని ఆటపట్టించేవాడు.

అన్న పోయిన రోజు దీపాలవేళ మువ్వల చప్పుడు వినిపించింది. అవి రామాంజినేయులు ఎద్దుల మువ్వలని ఊరందరికీ తెలుసు. స్నేహితులిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు, ఒకే బండిలో తిరిగేవాళ్లు. కొడుకు బండిలో వస్తున్నాడని రుక్మిణమ్మ కాళ్లకు నీళ్లు చెంబుతో ఎదురు వెళ్లింది... చెంబు అలాగే చేతిలో ఉండిపోయింది. తాను చూసేసరికే ప్రాణం లేదని రామాంజినేయులు చెప్పాడు. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాత ఎప్పుడు ఆ మువ్వలు వినిపించినా రుక్మిణమ్మ చెవులు మూసుకుని గోడకు తిరిగి కూర్చునేది. ఆ సంగతి ఎవరు చెప్పారో, రామాంజినేయులు ఎద్దుల మెడలోంచి మువ్వలు విప్పేశాడు. బండిని వంక ఇవతలికి తేవడం మానేశాడు.

అన్న పోయిన కొత్తలో కమలాక్షి నీడలా తిరిగేది. పందొమ్మిదేళ్ల పిల్ల, అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. ఊళ్లోవాళ్లు ఏడవద్దన్నారు, తినమన్నారు, దేవుడి రాత అన్నారు. నెల తిరక్కుండానే వంక దగ్గర రామాంజినేయులు ఒక కాగితం చుట్ట ఆమె చేతికిచ్చాడు. చెన్నకేశవులు హిందూపురంలో చెప్పిపెట్టిన పట్టుపురుగుల గుడ్లు. పారెయ్యడానికి మనసొప్పలేదన్నాడు, తలెత్తకుండా. ఆమె ఆ చుట్టను కొంగులో దాచుకుని వచ్చింది. పదో రోజున వెంట్రుకంత పురుగులు కదిలాయి. ఎంత చిన్న ప్రాణాలు! వాటికి ఆకు సన్నగా తరిగి వెయ్యాలి, తట్టలు శుభ్రం చెయ్యాలి. అన్న చేసినట్టే అన్నీ చేసింది. మూడు రోజులకు అవన్నీ ఆకు ముట్టకుండా తలలెత్తి రాళ్లలా ఉండిపోయాయి. ఇవీ చచ్చిపోతున్నాయని ఆమె ఏడుస్తూ వంక దగ్గరికి పరుగెత్తింది.

"జ్వరానికి కూసున్యాయి," అన్నాడు రామాంజినేయులు. "ముట్టగాకు. ఆకు పెట్టగాకు. పాత తోలు ఇడిసి అయ్యే లేస్తాయి. నువ్వు పక్కన ఉండు, సాలు."

పక్కన ఉండు, చాలు! ఇంతమందిలో ఆ మాట అన్నవాడు అతనొక్కడే, అదీ పురుగుల గురించి... కమలాక్షి ఆ రోజంతా తట్టల పక్కన కూర్చుంది. మర్నాటికి పురుగులు ఒక్కొక్కటే కదిలాయి. చివరిది కూడా లేచేదాకా ఆకు వెయ్యలేదు. వేశాక, మొదటిసారి, ఆ వాన చప్పుడు విన్నది. తెలియకుండానే వంటింట్లోకి వెళ్లి చల్ల పోసుకుని సంగటి తిన్నది.

అప్పట్నుంచి తెల్లవారుజాముల్లో ఆమె వంక దాటి అవతలి ఒడ్డున నిలబడేది. పొగమంచులోంచి చప్పుడు లేని బండి తేలివచ్చేది. ముందు ఎద్దుల కొమ్ములు కనపడేవి, తర్వాత అతని తలపాగా... ఆకు దించేవాడు, మోపు ఎత్తేవాడు, పోయేవాడు. రెండు మాటలైతే ఎక్కువ. ఒకరోజు కోడె ఎద్దు మోపులోంచి ఆకు లాక్కుని తింటే, పట్టుగూడు కడుతుందేమో చూద్దామని అతను మెల్లగా అన్నాడు. కమలాక్షి నవ్వింది. నవ్వి, తన నవ్వు తనకే వినపడి, భయపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న పోయినాక నేను నవ్వొచ్చా? ఆ ప్రశ్నతోనే ఇంటికి వచ్చింది. మర్నాడు మళ్లీ నవ్వింది.

ఇంట్లో నాయనమ్మ నారాయణమ్మ కళ్లు కనపడని ముసలిదైనా అన్నీ కనిపెట్టేది. "ఏమే, ఆకు దించేదానికి ఇంతసేపా? ఆయప్ప ఒగొగ ఆకూ లెక్కబెట్టి ఇస్తాండాడా?" అనేది. కమలాక్షి చెంపలు వేడెక్కేవి.

మూడు నెలల కిందట రామాంజినేయులు తండ్రి ఒక మనిషిచేత పెళ్లిమాట కబురు పెట్టాడు. రుక్మిణమ్మ ఒక్కటే అన్నది. "నా కొడుకు ఆ బండిలోనే వచ్చినాడు. నా బిడ్డను గూడా ఆ బండే ఎక్కించల్లనా?"

వచ్చిన మనిషి నీళ్లు కూడా తాగకుండా లేచిపోయాడు. తలుపు చాటున నిలబడిన కమలాక్షి ఏడవలేదు. తల్లిమీద కోపం రాలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది... ఎవరిమీద కోపగించుకోవాలి? కొడుకును పోగొట్టుకున్న తల్లిమీదా?

ఇప్పుడు తుంపరలో ఆమె వంకదాకా పోయింది. అవతలి ఒడ్డున బండి నిలిచి ఉంది. ఆకుమీద ఈతచాపలు కప్పి, అంచులు బిగించి కట్టి ఉన్నాయి. రామాంజినేయులు బండి ముందు నొగలమీద కూర్చుని ఎర్రటి నీళ్లవైపు చూస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యెత్తి ఊరివైపు చూపించాడు. రావచ్చా అని అడగడం. ఆమె తల్లిని అడగడానికి వెనక్కి పరుగెత్తింది.

రుక్మిణమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కమలాక్షి ఆయాసపడుతూ అంతా చెప్పింది. ఆకు లేకపోతే సాయంత్రానికి పురుగులు నీరసించిపోతాయనీ, అన్న మొదలుపెట్టింది మట్టి అవుతుందనీ, బండి ఒక్కసారి రావాలనీ. చెబుతూ చెబుతూ తల్లి పాదాల దగ్గర కూలబడింది. "ఈ ఒగసారికేమ్మా. దించి పోతాడు. నువ్వు లోపలే ఉండు..."

రుక్మిణమ్మ పొయ్యిలోని కట్టె వెనక్కి లాగింది. "రమ్మను," అన్నది. "నేను లోపల ఉండను."

బండి వచ్చింది. నీళ్లు కారుతున్న ఎద్దులు వాకిట్లో ఆగాయి. రామాంజినేయులు కిందికి దిగి, తల వంచుకుని చాపల కట్లు విప్పసాగాడు. కమలాక్షి చేతులు చాచి మోపు అందుకోబోయింది. అప్పుడు రుక్మిణమ్మ గడప దాటింది. తుంపరలో తడుస్తూ తిన్నగా బండి దగ్గరికి వచ్చింది. ఆకు పక్కకు తోసి, అడుగు పలకమీద చెయ్యి పెట్టింది. అరచేత్తో ఆ కొసనుంచి ఈ కొసకు నిమిరింది, పసిబిడ్డ వీపు నిమిరినట్టు...

"ఈడనేనా పండబెట్టింది?"

"ఊ..." అన్నాడు రామాంజినేయులు.

"నువ్వు సూసేతలికే పానం లేదంటివి."

అతను చేతిలోని కట్టుతాడు కింద పెట్టాడు.

"నా బిడ్డకు కడపటి తానం నేనే చేపిచ్చినానప్పా. డొక్కకు నీ తువ్వాల బిగించి కట్టి ఉండె. మూడు సుట్లు. సచ్చినోనికి కట్టు యెవురు కడతారు? మూడేండ్లు సూస్తి, నువ్వే వచ్చి చెప్తావని. నువ్వు మువ్వలిప్పితివి, బండి ఆపితివి, మాట మాత్రం చెప్పకపోతివి."

కమలాక్షి చాచిన చేతులు కిందికి దిగాయి. అమ్మ చెవులు మూసుకున్నది బండిని వినలేక కాదా? ఈ మాట కోసం కాచుకునీ కాచుకునీ, తట్టుకోలేకనా?

రామాంజినేయులు బండిచక్రం పట్టుకుని నిలబడ్డాడు. గట్టు దగ్గరికి చేరేటప్పటికి చెన్నకేశవులుకు ప్రాణం ఉందని చెప్పాడు. కళ్లు తెరిచి మాట్లాడాడనీ, కట్టు కట్టి బండిలో పడుకోబెట్టాననీ, రెండుసార్లు నీళ్లు పోస్తే తాగాడనీ చెప్పాడు. ఇంటికి తోలమని చెన్నకేశవులు చెయ్యి పట్టుకుని అడిగాడు. ఇల్లు అరమైలు. పెనుకొండ ఆసుపత్రి నాలుగు మైళ్లు.

"ఇంటికి పోదాం బావా, అమ్మ కూడు తినకుండా కూసోనుంటాది అనె," అన్నాడు. "నేను వినలే అత్తా. బతికించుకుందామని ఆసుపత్రి దావ పట్టిస్తి. పొలిమేర దాటేతలికే మాట నిలిసిపాయ. ఇంటికే తోలింటే నిన్ను సూసి పోతాండె. ఆ సూపు గూడా లేకుండా చేస్తి. అది నీకు చెప్పే ధైర్యం లేకపాయ."

తుంపర పడుతూనే ఉంది. కమలాక్షి చూపు అతని చేతులమీద నిలిచింది. ప్రతి ఉదయం తన నెత్తికి మోపు ఎత్తిన చేతులు. అన్నకు నీళ్లు పోసిన చేతులు, అన్న అడిగిన దారికి పగ్గం తిప్పని చేతులు... మూడేళ్లు ఈ బరువు మోసుకుంటూ వంక అవతల నిలబడ్డాడా? తనకొక్కదానికైనా చెప్పలేదే అన్న కోపం ముల్లులా గుచ్చుకుంది. ఆ వెంటనే, చెప్పి ఉంటే తాను నవ్వగలిగేదా అనిపించి అతనిమీద జాలి. రెండూ కలిసి కళ్లలోంచి కారిపోయాయి.

"రెండుసార్లు తాగెనా?" అడిగింది రుక్మిణమ్మ.

"రెండుసార్లు."

"నొప్పి అనెనా?"

"అనలే. నీ మాటే అనె."

రుక్మిణమ్మ పలకమీద తల ఆనించింది. మూడేళ్లుగా లోపలే గడ్డకట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దగా కాదు, సన్నగా, చాలాసేపు... ఎవరూ ఆమెను ఏడవద్దనలేదు. కమలాక్షి దగ్గరికి పోయి నిలబడింది, అంతే. ముట్టుకోలేదు.

చివరికి రుక్మిణమ్మ తల ఎత్తి కొంగుతో ముఖం తుడుచుకుంది. రామాంజినేయులు వైపు మొదటిసారి నేరుగా చూసింది.

"నేనైనా ఆసుపత్రికే తోలుతాంటి," అన్నది.

అతను ముఖం రెండు చేతుల్లో దాచుకుని వాకిట్లోనే కూలబడిపోయాడు.

లోపలినుంచి నారాయణమ్మ గొంతు వినిపించింది, ఆకు తడిసిపోతోందనీ, ఏడ్చేవాళ్లు చూరు కిందికి వచ్చి ఏడవచ్చనీ. ఆ మాటకు ముగ్గురూ ఒక్కసారే కదిలారు. రుక్మిణమ్మ ఒక మోపు తానే ఎత్తుకుని, మూడేళ్లుగా అడుగుపెట్టని పడమటింట్లోకి వెళ్లింది. కొడుకు చేసినట్టు ఆకు పలచగా, అంచులనుంచి నడిమికి పరిచింది. చెయ్యి మరచిపోలేదు.

కమలాక్షి వాకిట్లోకి వచ్చేసరికి రామాంజినేయులు ఖాళీ బండిని వెనక్కి తిప్పుతున్నాడు. ఆమె వెళ్లి కాడి దగ్గర నిలబడి, ఒక ఎద్దు పలుపు విప్పింది. తర్వాత రెండోది. రెంటినీ తీసుకుపోయి కొట్టంలో కట్టి గడ్డి వేసింది. అతను బండి పక్కన చేతులు వేలాడేసి, కల కంటున్నవాడిలా చూస్తూ ఉన్నాడు.

రుక్మిణమ్మ గడపలో నిలబడి అదంతా చూసింది. "గూళ్లు దిగినంక మీ నాయన్ను ఒగసారి రమ్మనప్పా," అన్నది. "మాట్లాడల్ల."

తర్వాత వంటింట్లో నాలుగు విస్తళ్లు పరిచింది. మూడేళ్లుగా అందరూ తిన్నాక, పొయ్యి పక్కన, గోడవైపు తిరిగి ఒక్కతే తినేది. ఇవ్వాళ నాలుగో విస్తరి రామాంజినేయులు ఎదురుగా వేసుకుంది. వేడి సంగటి ముద్దలు పెట్టింది, పక్కన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, మీద నెయ్యి. అతను ముద్ద తుంచలేక కూర్చున్నాడు. రుక్మిణమ్మ తన విస్తట్లోంచి ముందు తాను ఒక ముద్ద తుంచి, నోట్లో పెట్టుకుని, మెల్లగా మింగింది. అప్పుడు అతని చెయ్యి కదిలింది. కమలాక్షి చెయ్యి కదిలింది. నలుగురూ తలలు వంచుకుని విస్తట్లో మెతుకు మిగలకుండా తిన్నారు.