గొంతు తీసేసిందెవరు?

అంధుల పాఠశాల ప్రిన్సిపాల్ కాళ్లూ చేతులూ ఆడని స్థితిలో డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చాడు. మధ్యాహ్నం పిల్లలు కంప్యూటర్ మీద పరీక్ష రాయాలి. తెర మీది అక్షరాలను పైకి చదివే రీడర్ ప్రోగ్రాం పొద్దున్నుంచీ లేదు. అది మాట్లాడే గొంతు కూడా పోయింది. గదిలోని కంప్యూటర్లన్నీ ఒకే పెద్ద మెషీన్ మీద నడుస్తాయి. కంప్యూటర్ మాస్టారితో నిన్న మాటామాటా పెరిగిందనీ, అందుకే ఆయన్ని మెషీన్ దరిదాపులకు రానివ్వలేదనీ చెప్పాడు.

అసిస్టెంటుకు అంతకంటే ఏం కావాలి? బడిలో అడుగు పెట్టగానే, గురువుగారి మెప్పు కోసం తనే ముందుకు దూకాడు.

"ప్రిన్సిపాల్ మీది కోపం పిల్లల మీద తీర్చుకున్నారు కదూ?"

క్లాసంతా వినేటట్టే అన్నాడు. మాస్టారికీ చూపు లేదు. ఆ మాట వినిపించిన వైపు ముఖం తిప్పి, "నా పిల్లలకి నేనలా చేస్తానా బాబూ?" అన్నాడు.

డిటెక్టివ్ పెద్ద మెషీన్ స్పీకరును తడిమి చూశాడు. సౌండు పూర్తిగా తగ్గించి ఉంది. వరండాలో ఇద్దరు పిల్లలు "మెనూ తెరవండి" అని రీడర్ గొంతును ముక్కుతో అనుకరిస్తూ నవ్వుకుంటున్నారు. మెషీన్‌లో ప్రోగ్రాంల ప్యాకేజీలు పెట్టే, తీసే కమాండ్లు ఎవరెవరికి వచ్చని ఆయన మాస్టారిని అడిగాడు. ప్రిన్సిపాల్‌కీ, తనలాగే చూపులేని సంగీతం టీచరుకీ తనే నేర్పానన్నాడు మాస్టారు. రీడర్ గొంతు సంగీతం టీచరుదే, పాత గొంతు బదులు ఈ ఏడే రికార్డు చేశారు.

డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టి, అదే రీడరున్న వేరే ల్యాప్‌టాప్‌లో గొంతు ప్యాకేజీని తీసేయమని టైపు చేశాడు. రీడర్ కూడా పోతుంది, కొనసాగించమంటారా అని అది పైకే అడిగింది. ఆయన వద్దన్నాడు.

"రీడర్ని తీస్తే గొంతు మిగులుతుంది. గొంతును తీస్తే దాని మీద ఆధారపడ్డ రీడరూ పోతుంది. ఇక్కడ రెండూ పోయాయి. అంటే తీసినవాళ్లకి పడనిది గొంతే. ప్రిన్సిపాల్‌గారైతే ఈ హెచ్చరిక చదివి ఆగేవారు, మాస్టారైతే విని ఆగేవారు. తీసినవాళ్లు చదవలేరు, వినడానికి మనసొప్పక సౌండు తగ్గించేసి, హెచ్చరిక తెలియకుండానే సరే అనేశారు."

సంగీతం టీచరు చీర కొంగు గుప్పిట్లో నలిపింది.

"ఇన్నేళ్లూ పాట నేర్పాను. నా గొంతు ఇంత ముక్కుతో ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అదొక్కటే పోయి పాత గొంతు వస్తుందనుకున్నాను. మాస్టార్ని అంటున్నప్పుడైనా నోరు విప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోయాను."

మాస్టారు లేచి, మెషీన్ ముందు కూర్చుని, ఒక్క కమాండుతో రెండూ మళ్లీ పెట్టాడు. ఏ గొంతు ఉంచమంటావమ్మా అని అడిగాడు.

"నాదే ఉంచండి. వాళ్లకి అలవాటైంది."

అసిస్టెంటు తల దించుకున్నాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది: తను తల దించుకున్నట్టు ఈ పిల్లలకి తెలియదు. పొద్దున తను అన్నది మాత్రం అందరూ విన్నారు.

గొంతు సవరించుకుని, క్లాసంతా వినేటట్టు చెప్పాడు.

"పిల్లలూ, మీ మాస్టారు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు నాది."